వేరుశనగలో ఏరి తీసేసిన గింజలు ఇంటి వాడకానికి వద్దు

వేరుశనగ పండించే ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. కాయ ఒలిచాక నిండుగా ఉన్న గింజలు అమ్మకానికి పోతాయి. ముడుచుకున్నవి, పగిలినవి, రంగు మారినవి వ్యాపారి తీసుకోడు కాబట్టి ఇంట్లో మిగులుతాయి. కష్టపడి పండించినవి పారేయడానికి మనసొప్పక వాటినే వేయించి పచ్చడికో, పల్లీల పొడికో, పిల్లలకు బెల్లం ఉండలకో వాడతారు. చిక్కు ఇక్కడే ఉంది. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం పంటంతా సమానంగా ఉండదు. కొద్దిపాటి గింజల్లోనే ఎక్కువగా పేరుకుంటుంది. ఆ గింజలు చాలావరకు ఈ తీసేసిన కుప్పలోనే ఉంటాయి.

అఫ్లాటాక్సిన్ ఎలా వస్తుంది?

ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం నేలలో సహజంగానే ఉంటుంది. కాయ ఊరే చివరి నెల, నెలన్నర రోజుల్లో వాన ముఖం చాటేసి నేల వేడెక్కితే అది కాయలోకి చేరుతుంది. వేరుపురుగు, చెదలు కొరికిన కాయలోకి, పార తగిలి చిట్లిన కాయలోకి ఇంకా సులువుగా వెళ్తుంది. అంటే ఖరీఫ్‌లో బెట్టకు గురైన పంటను ఇంటికి తెచ్చినప్పుడు మామూలు కంటే ఎక్కువ అనుమానంతో చూడాలి. కాయ తడిగా ఉన్నా, నిల్వలో చెమ్మ తగిలినా అదే బూజు మళ్ళీ పెరుగుతుంది.

ఈ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తింటే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. పసిపిల్లలకు ప్రభుత్వం ఉచితంగా వేసే హెపటైటిస్ బి టీకా తప్పించకూడదు అనడానికి ఇదీ ఒక కారణం.

ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో తింటే ఏమవుతుందో 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల్లో తెలిసింది. అకాల వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను, వేరే తిండి లేక, అక్కడి పేద కుటుంబాలు తిన్నాయి. కామెర్లు, పొట్ట ఉబ్బడంతో వందమందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలూ చనిపోయాయి. కారణం అఫ్లాటాక్సిన్ అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. కాబట్టి ఇది వేరుశనగ ఒక్కదాని సంగతే కాదు. తడిసిన మొక్కజొన్న, ఎండుమిర్చి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి.

వేయిస్తే పోతుందా?

పోదు. వేయించినప్పుడు కొంత తగ్గవచ్చు గానీ మిగిలినది మిగిలే ఉంటుంది. ఉడకబెట్టినా, కడిగి ఎండబెట్టినా, బూజు తుడిచేసినా లాభం లేదు. బూజు చచ్చినా అది వదిలిన విషం గింజలోనే ఉంటుంది. పైకి బూజు కనిపించని గింజలోనూ ఉండవచ్చు. అందుకే ఏరడం ఒక్కటే సరిపోదు, ఎండబెట్టడం దగ్గరే మొదలుపెట్టాలి.

కోత నుంచి నిల్వ దాకా

చెట్లు పీకాక కాయలు పైకి ఉండేలా తిరగేసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. పచ్చి చెట్లను వామి వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. వాన వస్తుందన్న భయంతో చాలామంది చేసే పని ఇదే. అంతకంటే చిన్న కుప్పలుగా పెట్టి పట్టాతో కప్పడం, వాన వెలిసిన వెంటనే పట్టా తీసి విప్పడం మేలు. కోసిన కాయను మట్టి నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పలుచగా పరచి, రోజుకు రెండు మూడుసార్లు కలియబెట్టాలి. సాయంత్రం మంచు పడకముందే కప్పాలి.

కాయలో తేమ 8 శాతానికి దిగాలి. కొలిచే పరికరం లేకపోతే కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. గింజను వేళ్ళ మధ్య నలిపితే పైపొట్టు ఊడాలి, కొరికితే పుటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా ఎండలు కావాలి.

ఇంటికి ఉంచుకునేది కాయగానే ఉంచుకోండి. పెంకు గింజకు మంచి కాపలా. నెలకు సరిపడా మాత్రమే ఒలుచుకోండి. గింజ పగలకుండా ఉంటుందని ఒలిచే ముందు కాయల మీద నీళ్ళు చల్లే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. బూజుకు ఇంతకంటే మంచి అవకాశం ఉండదు, మీ ఇంటి కాయకు మాత్రం చల్లవద్దు. శుభ్రమైన, పొడి గోనె సంచుల్లో నింపి, చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పెట్టండి. సరిగా ఎండని కాయను ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మ బయటకు పోదు.

జూన్, జూలైలో తొలి వానలు పడ్డాక సంచులు ఒకసారి విప్పి చూడాలి. కప్పు కారిన చోట, గోడకు ఆనుకున్న చోట తడిసిన కాయలుంటే వాటిని మిగతా వాటిలో కలపకుండా పక్కకు తీసేయాలి. ఆ రోజుల్లోనే విత్తనం పని ఉంటుంది కదా, మందు కలిపిన విత్తనం మిగిలితే దాన్ని కడిగి తినడం, పశువులకు పెట్టడం చేయవద్దు. తినే కాయకు దూరంగా, పిల్లలకు అందకుండా, గుర్తు పెట్టి ఉంచండి. పురుగు కోసం వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మనుషులు పడుకునే ఇంట్లో అసలు పెట్టకూడదు. ఆ వాయువు ప్రాణం తీస్తుంది.

వంటకు ముందు

పచ్చడికి తీసుకున్న గింజలను చేటలో పోసి పగటి వెలుతురులో ఏరండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పసుపుపచ్చ లేదా ఆకుపచ్చ బూజు ఉన్నవి, పురుగు కొట్టినవి, మొలకెత్తినవి తీసేయాలి. నోట్లో చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయాలని పిల్లలకు నేర్పండి. బజారులో కొనేటప్పుడు పొడి కంటే గింజ కొనడం నయం, పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు.

మరి ఏరి తీసినవి ఏం చేయాలి? గానుగకు వేయవద్దు. విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగిలినా, శుద్ధి చేయని నూనెలోకీ కొంత వస్తుంది. పాడి పశువుకూ పెట్టవద్దు. ఆవు, గేదె తిన్న విషంలో కొంత రూపం మారి పాలలోకి వస్తుంది, పాలు కాచినా అది పోదు. మన దేశంలో పాలకు దీని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము మాత్రమే. బూజు పట్టిన చెక్క పెడుతుంటే ఈ రోజే ఆపండి, కొద్ది రోజుల్లో పాలలో తగ్గిపోతుంది. కోళ్ళు, బాతుల దాణాలోనూ కలపకూడదు, బాతు పిల్లలు దీనికి చాలా త్వరగా చనిపోతాయి. గుంట తీసి పూడ్చేయండి. మామూలు ఏడాదిలో ఒక కుటుంబం తినే కాయలో అలా పోయేది కొన్ని దోసిళ్ళే ఉంటుంది.