తిలంగుల ముక్కులు

క్రీ. శ. 1794 అక్టోబరు నెలలో లండను నగరమున వెలువడిన 'జెంటిల్మన్సు మ్యాగజైను' సంచికయందు 'బి. ఎల్.' అను పొడి యక్షరములతో నొక జాబు ప్రకటితమైనది. ముక్కు కోల్పోయిన యొక మనుష్యునకు పునహాలో క్రొత్త ముక్కు కల్పించిన వృత్తాంత మందు గలదు. శస్త్రవైద్యచరిత్రము వ్రాయువా రందఱును దీని నుదాహరింతురు. కాని వారు కొనియాడునది కత్తి పట్టిన చేతినే. కత్తి దించిన పిమ్మట నా ముఖమున వాపెట్లు తీసెను, మచ్చ యెన్నాళ్లకు మాసెను అని విచారించినవారు తక్కువ. నాకు జూడగా నీ కథలోని సార మక్కడనే యున్నది.

ఆ మనుష్యుని పేరు కావసజీ. 1790 మొదలు 1792 వఱకు జరిగిన మైసూరు యుద్ధములో నాంగ్లేయ సైన్యమునకు ఎడ్లబండి తోలినవాడు. టిప్పు సుల్తాను సైనికులకు జిక్కగా వారాతని ముక్కును ఒక చేతిని ఖండించిరి. ఆతనితో గూడ నలుగురు 'తిలంగు'లకు నిదే గతి పట్టెనని చెప్పుదురు. ఈ యుద్ధమున పీష్వాయు, నిజామును ఆంగ్లేయుల పక్షమున నుండిరి; సంధిలో కడప మొదలగు సీమలు నిజామునకు దక్కినవి. సీమలు దక్కిన ప్రభువుల సంగతి చరిత్ర గ్రంథములందు విస్తారముగ గలదు. ముక్కులు పోయినవారి సంగతి వైద్యగ్రంథములందు మాత్రమే మిగిలినది.

తిలంగు లనగా నెవరు? మనవారు కొంద ఱీ శబ్దము చూచినతోడనే వీరు తెలుగువారని నిశ్చయింతురు. అది తొందరపాటు. 1757 ప్రాంతమున క్లైవు మద్రాసు సిపాయీలను వంగదేశమునకు దీసికొనిపోయినప్పుడు అచ్చటి జనులు వారిని తిలంగులనిరి. తెలుగుసీమ పేరే దానికి మూలము. పిదప నా పేరు కుంఫిణీ దుస్తులు ధరించిన ప్రతి సిపాయికిని జెల్లినది. 1857 నాటి హిందూస్థానీ భాషలో సైత మదే యర్థము. కావున నీ నలుగురు సిపాయీలనుట సిద్ధము. వారి యింటిభాష తెలుగనుటకు పేరొక్కటియే చాలదు.

కావసజీ యొక సంవత్సరము ముక్కులేకయే యుండెను. పిమ్మట పునహా సమీపమున నున్న, ఇటుకలు చేయు కులమునకు జెందిన యొకడు చికిత్స చేసెను. బొంబాయి ఆధిపత్యమునకు జెందిన క్రూసో, ఫిండ్లే యను వైద్యులు ప్రత్యక్షముగ జూచిరి. మైనపు రేకును ముక్కుమొదటికి సరిపడ మలచి, దానిని చదును చేసి నుదుటిపై బెట్టి, చుట్టును గీత గీసి, ఆ మేరకు చర్మమును లేపిరి. కనుబొమల నడుమ సన్నని పట్టీ మాత్ర ముంచిరి. నెత్తురు నడచుట కదియే దారి. ఆ చర్మమును క్రిందికి ద్రిప్పి, పచ్చిచేసిన పాతగాయపు టంచులకు జేర్చిరి.

ఇక నసలు విషయము. కాచును నీటితో మెత్తచేసి, గుడ్డపేలికలకు బూసి, అయిదాఱు పేలికలు ఒకదానిపై నొకటి వేసి యదుకు నిలిపిరి. నాలుగు దినములు మఱి యే కట్టును లేదు. తరువాత వానిని దీసి నేతిలో దడిపిన గుడ్డలు వేసిరి. అయిదాఱు దినములు రోగిని వెల్లకిల పరుండబెట్టిరి. పదవనాడు ముక్కురంధ్రములు మూసికొనిపోకుండ మెత్తని గుడ్డ లుంచిరి. ఇరువదియైదవనాటి ప్రాంతమున పట్టీని తెగగోసి, ముక్కు సొగసుకొఱకు మరల గొంచెము చెక్కిరి. కాల మించుక గడచిన పిదప నుదుటిమచ్చ యంతగా గానరాదని జాబు చెప్పుచున్నది. జేమ్సు వేల్సు అను చిత్రకారుడు కావసజీని చిత్రించినది 1794 జనవరిలో, అనగా చికిత్స జరిగిన పదినెలలకు. ఆ చిత్రమున నుదుటిమచ్చ స్పష్టముగనే యున్నది. ఇందు విరోధము లేదు. మచ్చ పండుటకు సంవత్సరమో, యంతకు మించియో పట్టునని నేటి వైద్యు లెఱుగుదురు.

ఈ కుంభకారుని విద్య సుశ్రుతసంహితనుండియే వచ్చినదని మన పత్రికలందు బలుమారు వ్రాయుచుందురు. సంహితలో సూత్రస్థానము పదునాఱవ యధ్యాయమున ముక్కు చికిత్స గలదు. కాని యచట చర్మము గైకొనవలసినది చెక్కిలినుండి, నుదుటినుండి కాదు. కొలత యాకుతో, మైనముతో కాదు. విద్య యొక చెట్టుదే కావచ్చును, కొమ్మ వేఱు. ఈ భేదమును దాచిపెట్టిన మన గౌరవ మేమియు బెరుగదు.

తదనంతర చికిత్సలో మాత్రము సుశ్రుతుడు మిక్కిలి శ్రద్ధ వహించినాడు. శ్వాసకొఱకు రెండు నాళములు, పైని పతంగము, యష్టిమధుకము, అంజనముల చూర్ణము, తెల్లని దూది, నువ్వులనూనెతో మాటిమాటికి దడుపుట. మానిన పిమ్మట ముక్కు చిన్నదైన బెంచవలెను, మాంసము మితిమీఱిన సమము చేయవలెను. చికిత్సాస్థానము మొదటి యధ్యాయమున వ్రణమునకు చెప్పిన యఱువది యుపక్రమములలో 'విమ్లాపన' మొకటి: గట్టిగ నిలిచి, నొప్పి స్వల్పముగ నున్న వాపునకు నూనె రాచి, కాపు పెట్టి, వెదురుగొట్టముతోనో, అరచేతితోనో, బొటనవ్రేలితోనో మెల్లగ మర్దించుట. గట్టిపడినదానిని మెత్తచేయుటకు, ఉబికినదానిని దించుటకు, నల్లనిమచ్చను దెలుపు చేయుటకు, తెల్లనిదానిని నలుపు చేయుటకు వేర్వేఱు క్రియలు గలవు. ముక్కుకు ముందు సంహిత చెవితమ్మెలను గూర్చి పదునైదు విధముల సంధానము చెప్పినది. మా దౌల్తాబాదు వైపు పల్లెలలో బరువైన కమ్మలకు జీలిన తమ్మెలతో నున్న వృద్ధస్త్రీలను జూచినవారికి ఆ పదునైదును విపరీతముగ దోచవు. ముక్కుపుడక రంధ్రముకడ గాయ రేగి గడ్డకట్టుటయు నిట్టిదే మచ్చవ్యాధి.

వాపు నిలుచుట కేమి కారణము? సన్నని పట్టీగుండ నెత్తురు లోనికి వచ్చును గాని, సిరలును రసనాళములును తెగినందున ద్రవము త్వరగ వెలికి బోదు. చుట్టును మచ్చ కుంచించుకొన్నకొలది నడిమిచర్మ ముబుకును. లోపలివైపు పొర లేనిచో పచ్చిభాగము ముడుచుకొని రంధ్రములను మూయును. 1814 అక్టోబరులో లండనున కార్ప్యూ యీ పునహా పద్ధతి ననుసరించి 1816 లో గ్రంథము ప్రకటించెను. ఇండోరు వైద్యుడు కీగను లోపొర నేర్పఱచుటయందు శ్రమించెను.

నేటి వైద్యులు వాపునకు తొలిదినములలో తల యెత్తుగ నుంచి, చల్లని కాపు పెట్టింతురు. ముక్కుకొన వాపు చివరకు దీయును; ఒక్కొక్కరికి సంవత్సరము పట్టును. మచ్చకు మర్దనము, సిలికోను రేకులు, ఎండ తగులకుండ గాపాడుట. గట్టిపడి యుబికినచో ట్రయామ్సినోలోను సూదిమందు. అది మితిమీఱినచో చర్మము పలుచనై గుంటపడును గనుక స్వల్పముగ, ఎడమిచ్చి వేయుదురు. నుదుటి పట్టీని నేటికిని మూడు వారముల ప్రాంతముననే తెగగోయుదురు; పునహాలోని యిరువదియైదు దినములకు నిది దూరము కాదు. భేద మొక్కటి గలదు. పునహా వైద్యుడు అప్పుడే ముక్కును చెక్కి తీర్చెను. నేటివారు తుది దిద్దుబాటునకు వాపు పూర్తిగ దీసి మచ్చ మెత్తబడువఱకు నెలలకొలది వేచియుందురు.