గుండె కండరపు వాపు – మొక్కల మందులు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున కాక్సాకీ అనే చిన్న ఊరు ఉన్నది. పోలియో వంటి జబ్బుతో కాళ్ళుచేతులు పట్టుదప్పిన ఇద్దరు బాలుర మలం ఆ ఊరినుండి పరీక్షకు వచ్చింది. దాని నుండి 1948లో డాల్‌డార్ఫ్, సికిల్స్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొత్త వైరస్‌ను వేరుచేశారు. పెద్ద చిట్టెలుకలకు దానిని ఎక్కించితే ఏమీ కాలేదు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించగా కొద్ది రోజులలోనే కాళ్ళు చచ్చుపడినవి. పసి పిల్లలను వాడి చూడాలన్న ఆలోచన తట్టకపోతే ఈ వైరస్ ఇంకెంతకాలం దాగి ఉండేదో! కోసి చూడగా చెడినవి నాడులు కావు, కండరాలు.

గుండె కూడా కండరమే కదా. ఈ తెగలోనే 'బి' వర్గపు వైరస్‌లు తరువాత బయటపడినవి. జోహాన్నెస్‌బర్గ్‌లోని ఒక ప్రసూతి గృహంలో నవజాత శిశువులకు గుండె వాపు కలిగించినవి అవేనని 1956లో ప్రకటితమైనది. వారిలో కొందరు శిశువులు మరణించారు.

ఈ జబ్బులో చిక్కు ఏమిటంటే, నష్టం రెండు విడతలుగా జరుగుతుంది. మొదట వైరస్ గుండె కణాలలో పెరిగి వాటిని చంపుతుంది. ఆ వెనుక శరీరపు రక్షక కణాలు అక్కడికి చేరి, వైరస్‌తోబాటు గుండెనూ గాయపరుస్తాయి. వైరస్ పోయినా వాపు కొన్నిసార్లు ఆగదు. ఇందువల్లనే కాబోలు, వైరస్‌ను చంపి జబ్బును నయం చేస్తుందని అందరూ ఒప్పుకొన్న మందు ఈనాటికీ లేదు. విశ్రాంతి, గుండె బలహీనతకు ఇచ్చే మామూలు మందులే దిక్కు.

మొక్కలలో వెదకినవారు లేకపోలేదు. 1982లో జపాన్‌లో ఇషిట్సుకా, ఆయన సహచరులు ఒక చైనా మూలిక నుండి ఫ్లేవోన్ జాతి పదార్థాన్ని వేరుచేశారు. పెంచిన కణాలలో అది కాక్సాకీ వైరస్ వృద్ధిని ఆపినది. పడిశపు వైరస్‌నూ ఆపినది. ఈ కుటుంబానికి చెందని వైరస్‌లపై మాత్రం పనిచేయలేదు. అంటే అది కణాలకే విషమై వైరస్‌ను ఆపడం లేదన్నమాట. ఇంత ఆశ చూపినా అది గుండె వాపుకు మందు కాలేదు.

చైనా వైద్యులు హువాంగ్‌చీ వేరును నమ్ముకొన్నారు. ఇది చిక్కుడు కుటుంబపు మొక్క; ఆస్ట్రగలోసైడ్ అనే సాపోనిన్‌లు ఈ వేరులో ఉంటాయి. 'బి-3' వైరస్ ఎక్కించిన చిట్టెలుకలకు ఈ మూలికతో చేసిన చికిత్స ఫలితాలు 1990లో వెలువడినవి. కాని ఒక మాట. చిట్టెలుకకు వైరస్ ఎక్కించిన రోజు పరిశోధకునికి తెలుసు. మందు వెంటనే మొదలుపెట్టగలడు. మనిషి ఆయాసంతో వైద్యుని చేరేసరికి తరచు రెండవ విడత మొదలై ఉంటుంది.

మనుషులపై చైనాలో పరీక్షలు చాలానే జరిగినవి. వాటిని ఏరి, తూచి చూచిన కాక్రేన్ సమీక్ష 2012లో మరల వెలువడినది. కొన్ని మూలికలతో గుండె లయలోను, విద్యుల్లేఖనంలోను మెరుగుదల కనిపించినట్లున్నది. ఐతే రోగులను రెండు వర్గాలుగా విభజించిన తీరు, ఎవరికి ఏ మందో తెలియకుండా ఉంచిన తీరు అనేక పరీక్షలలో సరిగా లేవు. కాబట్టి ఆ మెరుగుదల వేరు వల్లనో, విశ్రాంతి వల్లనో వాటిని బట్టి తేల్చలేము.