ఒకటిన్నర మనుషులు

ఆ మధ్య తరగతిలో బౌద్ధసాహిత్యం గురించి పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "అహింస బోధించిన మతం పేరుతో లంకలో అంత నెత్తురు ఎలా పారిందండీ?" అని అడిగాడు. మతం వేరు, మతస్థులు వేరు అని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే యీ నాలుగు మాటలు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. పదమూడవ శాసనంలో కళింగయుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభైవేలమందిని చెరపట్టి తరలించారనీ, అంతకు ఎన్నో రెట్లు నశించారనీ గెలిచిన రాజే ఒప్పుకొని పరితపించాడు. అశోకుణ్ణి దేవుణ్ణి చేయనక్కరలేదు. ఆయన కళింగాన్ని తిరిగి యివ్వలేదు; ఆటవికులను బెదిరించడమూ మానలేదు. కళింగంలోని ధౌలి, జౌగడ శిలల మీద యీ శాసనమే లేదు. అయినా ఒక్కటి మాత్రం నిజం: శత్రువుల శవాలను ఆయన మనుషుల శవాలుగానే లెక్కపెట్టాడు.

క్రీ. శ. 5, 6 శతాబ్దాల ప్రాంతంలో అనురాధపుర మహావిహార సంప్రదాయంలో పుట్టిన పాళీ గ్రంథం మహావంశంలో లెక్క మారింది. దుట్ఠగామణి రాజు బల్లేనికి ధాతువు తగిలించుకొని, భిక్షువులను వెంటబెట్టుకొని, ద్రవిడరాజు ఏళారుణ్ణి జయిస్తాడు. చచ్చినవారిని తలచుకొని దుఃఖించే రాజును అర్హతులు ఓదారుస్తారు: నీ చేత చచ్చింది ఒకటిన్నర మనుషులే. ఒకడు శరణత్రయంతోపాటు పంచశీలాలు పుచ్చుకున్నవాడు, శరణు మాత్రమే పుచ్చుకున్నవాడు అరమనిషి, తక్కినవారు పశుప్రాయులు!

యీ లెక్క బుద్ధునిది కాదు. రాజులిచ్చిన భూములూ చెరువులూ గల విహారానిది. అభయగిరి వంటి ప్రత్యర్థి విహారంతో రాజాదరణకోసం పోటీపడిన సంస్థది. పోషించే రాజుకు పాపభీతి పోగొట్టడం దాని అవసరం. అయితే ఆ గ్రంథమే ఏళారుని న్యాయబుద్ధిని మెచ్చుకున్నది. అతని సమాధిని గౌరవించమని దుట్ఠగామణి ఆజ్ఞాపించినట్లు కూడా చెప్పింది. కనుక నేటి జాతివైరాన్ని అంత పాతకాలానికి అంటగట్టడం చరిత్ర కాదు. 1739 నుంచి 1815 దాకా కండీని ఏలినవారు దక్షిణదేశపు నాయకరు వంశీయులు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుని కాలంలోనే, 1753లో, సయాం భిక్షువులను రప్పించి ఉపసంపదను పునరుద్ధరించారు. మన నాగార్జునకొండలో మూడవ శతాబ్దిలోనే సింహళ విహారం వుండేది. ధర్మానికి భాషాభేదం అడ్డు రాలేదు.

అడ్డు తెచ్చినది ఆధునిక రాజకీయం. 1948లో పౌరసత్వ చట్టం తేయాకు తోటల తమిళ కూలీలలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివారిని చేసింది. 1956లో సింహళమే ఏకైక అధికారభాష అయింది. 1957లో బండారనాయకే తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకున్నాడు. 1958లో భిక్షువుల ఒత్తిడికి లొంగి దాన్ని రద్దు చేశాడు. 1959లో ఒక భిక్షువు చేతిలోనే ఆయన హతుడయ్యాడు. రగిల్చిన నిప్పు రగిల్చినవాణ్ణి కూడా కాల్చింది.

యిక్కడ మన యింటి సంగతి కూడా చెప్పుకోవాలి. భాషాచట్టం దేశాన్ని రెండు చేస్తుందని 1956లోనే హెచ్చరించినవాడు వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డి సిల్వా. బౌద్ధానికి అగ్రస్థానం, సింహళానికి అధికారస్థానం యిచ్చిన 1972 రాజ్యాంగాన్ని మంత్రిగా రూపొందించినవాడూ ఆయనే. సింహళ శ్రామికులు దూరమవుతారనే భయంతో తమిళ శ్రామికుణ్ణి వదిలేశారు. మైనారిటీ హక్కు వర్గపోరాటానికి అడ్డమని అనుకున్నవారికి చివరకు వర్గపోరాటమూ మిగల్లేదు.

తరువాతి కథ తెలిసిందే: 1981లో జాఫ్నా గ్రంథాలయ దహనం, 1983 జూలై మారణకాండ, 2009 మే దాకా యుద్ధం. పీడితులమన్న పులులు సైతం 1990లో ఉత్తరాది ముస్లిములను యిళ్లనుంచి వెళ్లగొట్టారు. ఒకటిన్నర లెక్క ఏ ఒక్క జాతి సొత్తూ కాదు.

ఆ విద్యార్థికి యిప్పుడు చెప్పగలను: నాయనా, ఏ ధర్మమైనా రాజ్యం చేతిలో ఆయుధం కాగలదు, మన సిద్ధాంతంతో సహా. అది ధర్మమో ఆయుధమో తెలుసుకోవాలంటే, అవతలి పక్షపు శవాలను ఎట్లా లెక్కపెడుతున్నదో చూడు.