గాలి ఎటు నుంచి వస్తున్నది?

మే నెల. ఆదివారం మధ్యాహ్నం మూడున్నర. మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో మా అక్కావాళ్లది రెండో అంతస్తు. పైన స్లాబు, ఆ పైన ఎండ. కిటికీ తీస్తే గుట్ట కనిపిస్తుంది. పొద్దుట్నుంచీ కాలిన రాయి మీద గాలి నీళ్లలా వణుకుతోంది. గోడకు తగిలించిన థర్మామీటర్ 38 చూపిస్తోంది.

మా మేనల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీది అంకెల వంక రెప్పవేయకుండా చూస్తున్నాడు. ఎవరిదో పెళ్లి వీడియో రెండర్ అవుతోంది. సాయంత్రం ఆరింటికల్లా పెళ్లివారికి ఇస్తానని మాటిచ్చాడు. 71 శాతం దగ్గర ఫ్యాన్ల మోత పెరిగింది. 74 దగ్గర పక్క గదిలోకి కూడా వినపడేంత హోరు. ఉన్నట్టుండి ఆ హోరు ఆగిపోయింది. తెర నల్లబడింది.

"మళ్లీ పోయింది మామా" అన్నాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు. ఆ వారంలో అది ఐదోసారి.

పక్క గదిలో నడుం వాల్చిన మా నాన్న లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మౌలాలి డీజిల్ లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. "ఎంత గరమైంది?" అన్నదే ఆయన మొదటి మాట.

ఇది మా ఇంట్లో జరిగిన సంగతి. జరిగిన వరసలోనే రాస్తున్నాను. ఈ ఎండల్లో ఇలాంటి గదులు, ఇలాంటి కంప్యూటర్లు, వాటి ముందు దిగాలుగా కూర్చున్న పిల్లలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు.

మావాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గేమింగ్ కంప్యూటర్ కావాలని రెండేళ్లు అడిగాడు. సగం డబ్బు తనే సంపాదిస్తానని పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నేర్చుకున్నాడు, సంపాదించాడు కూడా. రాత్రి ఆట, పగలు పని, రెండూ ఆ ఒక్క యంత్రం మీదే. డిసెంబరులో నగరంలోని ఒక షాపులో కట్టించాడు. ముందు వైపు నిలువెత్తు అద్దం, దాని వెనక రంగులు మారే మూడు ఫ్యాన్లు. చూడముచ్చటగా ఉండేది. చలికాలం ఏ ఇబ్బందీ రాలేదు. ఏప్రిల్ రెండో వారం నుంచి మొదలైంది.

షాపుకు ఫోన్ చేస్తే లిక్విడ్ కూలర్ పెట్టించమన్నారు, పన్నెండు వేలవుతుందన్నారు. అప్పటికీ లొంగకపోతే గ్రాఫిక్స్ కార్డు మార్చాలన్నారు. మా అక్క మొహం వాడిపోయింది. కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది.

నాన్న స్టూలు లాక్కుని పెట్టె పక్కన కూర్చున్నాడు. మావాడు మళ్లీ ఆన్ చేసి, పని మొదలుపెట్టి, వేడి చూపించే కిటికీ తెరిచాడు. ప్రాసెసర్ 96 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 86.

"ఇంత వేడెక్కితే అదే స్పీడు తగ్గించుకుంటది తాతా. అప్పటికీ దిగకపోతే ఆగిపోతది."

"మా ఇంజన్ల హాట్ ఇంజన్ గంట మోగేది. గంట మోగితే డ్రైవర్ లోడు తీసేస్తడు. ఇది మనిషి లేకుండ తనే చేసుకుంటున్నది, అంతే కద?"

"అంతే."

"మరి ఫ్యాన్లెన్ని ఉన్నయి?"

"ముందర మూడు, ఎనక ఒకటి."

"గాలి ఎటు నుంచి వస్తున్నది?"

"ముందర్నుంచి."

నాన్న చెయ్యి చాచి ముందు అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. "ముందర అద్దం ఉన్నది కదరా!"

మావాడు ఏమీ అనలేదు. ఆరు నెలలుగా రోజూ చూస్తున్న అద్దం అది.

ఇక్కడ నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లినవి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి మొదట వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో మన దేశమే తయారుచేసుకుంది. 16 సిలిండర్లు, 2600 హార్స్ పవర్. వాటిలో రేడియేటర్లు రెండు పక్కలా ఉంటాయి, పైన కప్పులో పెద్ద ఫ్యాను. అది తిరిగితే పక్కల నుంచి గాలి రేడియేటర్ల సందుల్లోంచి దూరి, నీళ్ల వేడిని మోసుకుని కప్పులోంచి ఆకాశంలోకి పోతుంది. నాన్న జీవితంలో సగభాగం ఆ గాలి దారిని శుభ్రంగా ఉంచడంలోనే గడిచింది.

"ఫ్యాను మంచిగనే తిరుగుతుండె, ఇంజన్ మాత్రం గరమైతుండె. కొత్తగ వచ్చిన పిలగాండ్లు ఫ్యాను విప్పుదామనేటోళ్లు. నేను రేడియేటర్ చూపిస్తుంటి. దుమ్ము, నూనె కలిసి అట్టగట్టి ఉంటుండె. గాలికి దారి లేకుంటే ఫ్యాను ఎంత తిరిగి ఏం లాభం?"

ఆయన లేచి దేవుడి గూట్లోంచి ఒక అగరుబత్తి తెచ్చి వెలిగించాడు. నుసి లోపల పడకుండా జానెడు దూరంలో పట్టుకుని ముందు అద్దం దగ్గర నిలిపాడు. పొగ తిన్నగా పైకి లేచింది, అద్దం వైపు మొగ్గనే లేదు. అద్దం అంచున వేలెడు సందు ఉంది. అక్కడ మాత్రం పొగ సన్నగా వంగి లోపలికి జారింది. మూడు ఫ్యాన్లూ ఆ సందులోంచే ఊపిరి పీలుస్తున్నాయన్నమాట.

తర్వాత పెట్టె వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడున్న ఫ్యాను వేడిగాలిని బయటికి తోయాలి. పొగ దూరంగా చెదిరిపోవాలి. కానీ దారం లాగినట్టు నేరుగా లోపలికి వెళ్లిపోయింది. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. ఆ ఫ్యాను తిరగేసి బిగించారు. గ్రాఫిక్స్ కార్డు వెనక నుంచి విడిచిన వేడిగాలినే అది మళ్లీ లోపలికి లాక్కుంటోంది. డిసెంబరు నుంచీ అంతే. చలి దాన్ని దాచిపెట్టింది.

పక్క తలుపు విప్పేసి పది నిమిషాలు అదే పని నడిపించాం. ప్రాసెసర్ 96 నుంచి 83కు, కార్డు 86 నుంచి 77కు దిగింది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రోగం ఎక్కడుందో తేలిపోయింది. టేబుల్ ఫ్యాను పక్కన పెట్టి ఆ పెళ్లి వీడియో పూర్తిచేశాడు. ఆరింటికి ఇవ్వాల్సింది ఎనిమిదిన్నరకు ఇచ్చాడు.

"ఇట్లనే తలుపు తీసి ఉంచుదాం తాతా" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. గుట్ట దుమ్ము, ఇండస్ట్రియల్ ఏరియా దుమ్ము రెండూ మా గదుల్లోకే వస్తాయి. పైగా ఎండాకాలం బల్లులు. కరెంటు పారే బోర్డును అలా తెరిచిపెట్టడం ఆయనకు సుతరామూ నచ్చదు.

మా అక్కకు ఇంకో ఆలోచన వచ్చింది. హాల్లోని కూలర్ తెచ్చి కంప్యూటర్‌కు ఎదురుగా పెడితే? ఈ పని చాలామంది చేస్తారు, అందుకే గట్టిగా చెబుతున్నాను: వద్దు. కూలర్ గాలిలో నీటి తుంపరలు వస్తాయి. మా బోరు నీళ్లలో ఉన్న ఉప్పు బోర్డు మీద తెల్లగా పేరుకుంటుంది. ఉత్త ఫ్యాను గాలి కూడా చల్లదనాన్ని పుట్టించదని గుర్తుంచుకోవాలి. మనకు ఫ్యాను కింద హాయిగా ఉండేది చెమట ఆరడం వల్ల. చిప్‌కు చెమట పట్టదు. గదిలో గాలి 38 ఉంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా చిప్ 38 కంటే కిందికి దిగదు. లోపలి వేడిని మోసుకుపోవడం ఒక్కటే ఫ్యాను చేయగలిగిన పని.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ముగ్గురం వెళ్లాం. దారిలో ఈసీఐఎల్ బస్సు కనిపిస్తే నాన్న మావాడికి చెప్పాడు: ఆ పేరు కూడలిది కాదని, 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ కంపెనీదని, టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో అణు పరిశోధన సంస్థ బీఏఆర్‌సీ, ఈసీఐఎల్ కలిసి తెచ్చినదని. మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో అంత చరిత్ర ఉందని వాడికి అప్పటిదాకా తెలియదు.

షాపులో ఫ్యాను డబ్బాలు ఇరవై రకాలు. రంగులు చూసి తీసుకోవడానికి మావాడి చెయ్యి వెళ్లింది, నాన్న వెనక్కి లాగాడు. డబ్బా మీద చూడాల్సినవి రెండు. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కదుపుతుందో చెప్పేది సీఎఫ్ఎం. అడ్డం ఉన్నా గాలిని ఎంత బలంగా తోస్తుందో చెప్పేది స్టాటిక్ ప్రెషర్, దాన్ని నీటి మట్టం మిల్లీమీటర్లలో రాస్తారు. పెడెస్టల్ ఫ్యానుకు ఎదురుగా దుప్పటి ఆరేసి చూడండి. గాలి దుప్పటి దాటదు. జాలీ వెనక, రేడియేటర్ వెనక పెట్టే ఫ్యానుకు అందుకే ఆ రెండో అంకె ఎక్కువ ఉండాలి.

సైజు ముందే కొలుచుకుని వెళ్లాం. మా పెట్టెకు 120 మిల్లీమీటర్లవి పడతాయి. 140వి పట్టే పెట్టె ఉన్నవాళ్లు అవే తీసుకోవడం మేలు. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగినా అంతే గాలి ఇస్తుంది, మోత తక్కువ. వేగం రెట్టింపు చేస్తే గాలి రెట్టింపవుతుంది గానీ కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, చప్పుడు చెవులు పగలగొడుతుంది. ఒక ఫ్యానును పరుగెత్తించేకంటే మూడింటిని నడిపించడం మంచిది. నాలుగు పిన్నులున్నవే అడిగి తీసుకున్నాం. నాలుగో పిన్ను ద్వారా బోర్డు వేడిని బట్టి వేగం పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆస్ట్రియా వాళ్ల నాక్టువా గోధుమరంగు ఫ్యాన్లు చూపించారు, బాగున్నాయి, ధర మాకు అందలేదు. ఒక్కోటి 850 చొప్పున మామూలువి మూడు తీసుకున్నాం. మూడింటినీ ఒకే చోట కలిపే కేబుల్ 250. వస్తూ వస్తూ హార్డ్‌వేర్ కొట్లో దోమల జాలీ 120 రూపాయలకు కోయించాడు నాన్న. ఎందుకని అడిగితే "ఇంటికి పోదాం పా" అన్నాడు.

ఆ సాయంత్రం నేల మీద పాత దుప్పటి పరిచి పెట్టెను పడుకోబెట్టాం. ప్లగ్గు తీసేశాక పవర్ బటన్ ఒకసారి నొక్కించాడు, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఏది ముట్టుకునే ముందైనా పెట్టె ఇనుమును ఒకసారి తాకమన్నాడు. బ్లోయర్‌తో దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి. ఊదిన గాలికి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే బేరింగ్ పాడవుతుంది.

కొత్త ఫ్యానును నాన్న కళ్లకు దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఒకవైపు రెక్కలు నేరుగా కనిపిస్తాయి. రెండో వైపు మధ్యలో గుండ్రటి బిళ్ల, దాన్ని పట్టుకుని నాలుగు ప్లాస్టిక్ కాళ్లు. "కాళ్లున్న దిక్కు గాలి బయటికి పోతది" అని ఆ కాళ్ల మీద మావాడి వేలు పెట్టించాడు. కొన్ని ఫ్యాన్ల అంచున బాణం గుర్తు కూడా ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఆ షాపులో బిగించిన పిల్లవాడికి ఎవరైనా చెప్పి ఉంటే, మావాడికి ఆరు నెలల బాధ తప్పేది.

ముందు అద్దం తీసేశాం. దాని చోట దోమల జాలీ బిగించి లాగి అంటించాడు నాన్న. దాని వెనక కొత్తవి మూడూ, గాలి లోపలికి వచ్చేట్టు. వెనక ఫ్యానును విప్పి తిరగేశాం. ముందు నుంచి తీసిన రంగుల ఫ్యాన్లలో ఒకటి పైన, వెనక మూలకు, బయటికి తోసేట్టు పెట్టాం. పైనే ముందు మూలకు ఇంకోటి పెడదామన్నాడు మావాడు. అక్కడ పెడితే లోపలికి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ దాకా వెళ్లకముందే బయటికి పోతుంది. వద్దన్నాం. వచ్చే గాలి పోయే గాలికంటే కాస్త ఎక్కువ ఉంటే మంచిది. అప్పుడు పెట్టె సందుల్లోంచి గాలి బయటికే వస్తుంది, దుమ్మంతా జాలీ దగ్గరే ఆగుతుంది.

స్క్రూలు ప్లాస్టిక్‌ను కోసుకుంటూ దిగేవి. మొదటిది పూర్తిగా బిగిస్తే నాలుగోది కలవదు. నాలుగూ సగం సగం పెట్టి, ఎదురెదురు మూలల్లో బిగించుకుంటూ వచ్చాం. తీగలు రెక్కలకు తగలకుండా వెనక్కి కట్టాడు మావాడు. అప్పుడు వాడి మొహంలో మళ్లీ కళ కనిపించింది.

స్విచ్ వేశాక నాన్న ఇంకో అగరుబత్తి వెలిగించాడు. ముందు జాలీ దగ్గర పొగ చాపలా విచ్చుకుని లోపలికి పోయింది. వెనక చెదిరిపోయింది.

బుధవారం మధ్యాహ్నం అదే వీడియోను మళ్లీ నడిపించాం. గది 38. ప్రాసెసర్ 82, కార్డు 74. వేగం ఎక్కడా తగ్గలేదు, ఆగలేదు. నాన్న తన పాత డైరీలో టైము, గది వేడి, చిప్ వేడి మూడు గళ్లుగా రాసుకున్నాడు. మొత్తం ఖర్చు 2,920 రూపాయలు.

పెట్టెలోంచి బయటికి వచ్చిన వేడి గదిలోనే ఉంటుందన్నది మాత్రం మర్చిపోకూడదు. డీజిల్ ఇంజన్ వేడికి ఆకాశం ఉంది, మా అక్కావాళ్ల గదికి లేదు. పగలంతా కాలిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడి విడుస్తూనే ఉంటుంది, గుట్ట రాయి కూడా అంతే. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. అలాంటి రోజు వస్తే ఏ ఫ్యానూ ఆదుకోదు. అందుకే మావాడు పెద్ద రెండర్లన్నీ తెల్లవారుజామున నాలుగింటికి, కిటికీలు రెండూ తెరిచి పెట్టుకుంటున్నాడు. నెలకోసారి జాలీ తీసి బ్రష్‌తో దులుపుతున్నాడు.

మీ ఇంట్లో కంప్యూటర్ ఈ ఎండల్లో ఆగిపోతుంటే, ఎవరు ఏది కొనమన్నా ముందు పక్క తలుపు తీసి పది నిమిషాలు నడిపించి చూడండి. వేడి బాగా దిగితే లోపం గాలి దారిలో ఉన్నట్టే. అప్పుడొక అగరుబత్తి వెలిగించి ముందొకసారి, వెనకొకసారి పట్టండి.