జోసెఫ్ హుకరు లేఖలు – క్యూ ఉద్యానవివాదము

చరిత్రసాధనములలో శాసనములును ప్రభుత్వపత్రములును ప్రధానములని చెప్పుదురు. కాలమును, అధికారమును, నిర్ణయమును తెలిసికొనుటకు అవి యుపకరించును. ఆ నిర్ణయమునకు లోనైనవాని మనఃస్థితి మాత్రము వానియందుఁ గానరాదు. అది స్వకీయలేఖలయందే దొరకును. అయినను లేఖ వ్రాసినవాఁడు తన వ్యాజ్యమునఁ దానే సాక్షి. కావున అట్టి లేఖ యెంతవఱకుఁ బ్రమాణమను ప్రశ్నము పుట్టుచున్నది. దీనిని విచారించుటకు విక్టోరియారాణి కాలమునాఁటి వృక్షశాస్త్రజ్ఞుఁడగు జోసెఫ్ డాల్టన్ హుకరు (1817–1911) లేఖలు మిక్కిలి తగినవి.

హుకరు యౌవనమున దక్షిణధ్రువసముద్రములను, పిమ్మట 1847 మొదలు 1851 వఱకు హిమాలయప్రాంతములను, భారతదేశములోని యితరప్రదేశములను తిరిగి మొక్కలను సేకరించెను. 1865లో తండ్రి సర్ విలియం హుకరు మరణింపఁగా, లండను సమీపముననున్న క్యూ వృక్షోద్యానమునకు డైరెక్టరయ్యెను. చార్లెస్ డార్వినునకును ఇతనికిని ఉత్తరప్రత్యుత్తరములు 1843లో మొదలై 1882లో డార్విను మరణించువఱకు సాగెను. వానిలో నేఁటికి నిలిచినవి సుమారు 1,400. జీవజాతులు స్థిరములు కావను తన తలఁపును డార్విను 1844 జనవరిలో నీతనికి లేఖాముఖముననే తెలిపెను. ఇట్టి స్నేహమే తరువాత హుకరునకుఁ గష్టకాలమున నాలంబనమయ్యెను.

1869లో గ్లాడ్‌స్టను ప్రధానమంత్రిగా నుండఁగా, ఆక్టన్ స్మీ అయిర్టను ప్రభుత్వనిర్మాణశాఖకు ప్రథమ కమీషనరుగా నియమింపఁబడెను. క్యూ ఉద్యానము ఆ శాఖలోనిది. అయిర్టను ప్రజాధనమును మితముగా వ్యయింపవలయునని పట్టుపట్టినవాఁడు, పరుషభాషి. అతఁడు హుకరునకుఁ దెలుపకయే ఉద్యానపు క్యూరేటరునకు వేఱు కొలువు చూపెను. గాజుటిండ్లను వేఁడిచేయు సాధనములపై డైరెక్టరునకుఁ గల యధికారమును సయితము తొలగించెను. ఇది యల్పవిషయము కాదు. ఉష్ణదేశములనుండి తెచ్చిన మొక్కలు ఆంగ్లదేశపు శీతకాలమున ఆ వేఁడివలననే బ్రదుకును. వేఁడి తప్పినచో ఒక్క రాత్రిలో అనేకవర్షముల కృషి నశింపవచ్చును. మొక్కలు చచ్చిన బాధ్యత డైరెక్టరునది, వానిని బ్రదికించు సాధనము వేఱొకనిదియైనచో ఉద్యోగమున కర్థమేమి?

హుకరు 1871లో ప్రధానమంత్రికి మొఱపెట్టుకొనెను. అధికారులకు వ్రాసిన పత్రములయందుఁ బ్రతివాక్యమును క్రమమునకును మర్యాదకును లోఁబడియున్నది. మిత్రులకు వ్రాసిన లేఖలయందన్ననో అవమానమును, విసుగును, పదవి విడువవలెనను కోరికయుఁ గానవచ్చును. ఈ రెండింటిలో నేది సత్యమని యడుగుట తగదు. మొదటిది యధికారి మాట, రెండవది మనుష్యుని మాట. రాజీనామా కోరికను మనసున నడఁచి, సభ్యత తప్పక వాదించెనని తెలిసినప్పుడే ఆ ప్రభుత్వపత్రముల మర్యాదకు విలువ యెంతయో మనకు బోధపడును.

1872 జూనులో లయెల్, డార్విను, హక్‌స్లీ, టిండాలు, బెంథాము మొదలగు విద్వాంసులు సంతకములు చేసిన విజ్ఞాపనపత్రము గ్లాడ్‌స్టనునకుఁ బంపఁబడెను. జూలైలో లార్డు డర్బీ ప్రభువులసభలోఁ బ్రసంగించెను. ఆగష్టులో కామన్సుసభలోఁ జర్చ జరిగెను. ఇంతలో క్యూ ఓషధీసంగ్రహముల ప్రయోజనమును శంకించుచు బ్రిటిష్ మ్యూజియమునందలి రిచర్డ్ ఓవెను వ్రాసిన నివేదికను అయిర్టను పక్షమువారు సభాపత్రములలోఁ జేర్చిరి. దీనిని జూచి, సహజముగా మృదుస్వభావుఁడగు డార్విను, ఓవెనుపై తనకుఁ గల ద్వేషమునకుఁ బూర్వము సిగ్గుపడుచుంటిననియు, ఇఁక నట్లు పడననియు హుకరునకు వ్రాసెను. శాంతుఁడని పేరొందినవాని కోపము ఏ చరిత్రగ్రంథమున కంటెను ఈ లేఖలోనే స్పష్టము.

ఇఁక పూర్వపక్షమును వినవలయును. ప్రజలధనముతో నడచు సంస్థపై ప్రజాప్రతినిధులకు బాధ్యుఁడగు మంత్రికి నధికారముండుట న్యాయమే. విద్వాంసుఁడైనంతమాత్రమున వ్యయమును గూర్చి యడుగరాదనుట చెల్లదు. హుకరు లేఖలు మాత్రమే చదివినవారికి అయిర్టను కేవలము దుష్టుఁడుగాఁ దోఁచును. గాయపడినవాని లేఖ గాయమునకుఁ బ్రమాణము. కొట్టినవాని యుద్దేశమునకుఁ బ్రమాణము కాదు.

సిద్ధాంతము చెప్పుటకు మా శాస్త్రమునుండి యొక దృష్టాంతము చాలును. కర్త స్వతంత్రుఁడని పాణినీయుల మతము. ఒకఁడు ప్రేరేపింపఁగా మఱియొకఁడు పని చేసినను, చేయువాఁడు తన క్రియయందు స్వతంత్రుఁడే. ప్రయోజ్యుఁడైనను కర్తృత్వము పోదు. గొడ్డలికి మాత్రము స్వాతంత్ర్యము లేదు, అది కరణము. మంత్రి ప్రయోజకుఁడగుటను హుకరు ఆక్షేపింపలేదు. తన్నుఁ గరణముగాఁ జేయుటనే యాక్షేపించెను. ఇట్లు చూచినచో మంత్రి యధికారమును నిలుచును, విద్వాంసుని మొఱయు న్యాయమగును. 1873లో అయిర్టను మఱియొక పదవికి మార్పఁబడెను. హుకరు 1885 వఱకు క్యూయందే యుండెను.

ఈ క్లేశమున శాస్త్రకార్యము నిలువకుండుట ముఖ్యముగా గమనింపఁదగినది. వివాదము తీవ్రమైన 1872లోనే ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా అను గ్రంథముయొక్క ప్రథమభాగము వెలువడెను. ఏడు సంపుటములుగా 1897లో ముగిసెను. సామర్లకోటలో 1781 మొదలు కృషిచేసిన రాక్స్‌బర్గు వర్ణించిన మన తీరపు మొక్కలకును అందు స్థానము కలదు. 1873లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవి వచ్చినప్పుడు, తనకు దానియందు కోరిక లేదని హుకరు డార్వినునకు వ్రాసెను. అంగీకరించి అయిదేండ్లు నిర్వహించి విడిచెను. ఆ కాలముననే డార్విను ప్రోత్సాహమునఁ గీటకభక్షకములగు మొక్కలను పరీక్షించి 1874లో బెల్‌ఫాస్టు సభయందుఁ బ్రసంగించెను. అదే సంవత్సరము నవంబరులో నతని భార్య మరణించెను.

కావున పదవియందున్న విద్వాంసుని లేఖలను పరిశీలించువారు రెండు నియమములు పాటింపవలయును. ప్రభుత్వపత్రములతోఁ బోల్చక యేలేఖను నిర్ణయమునకుఁ బ్రమాణముగాఁ గొనరాదు. లేఖలను చదువక యే ప్రభుత్వపత్రమును సంపూర్ణమని తలఁపరాదు. మన దేశపు పండితులును, ఉద్యోగులును వ్రాసికొన్న లేఖలు ఇండ్లలోని పెట్టెలయందుఁ జెదలపాలగుచున్నవి. వానిని భద్రపఱచుట పరిశోధకులకు విధి. వానిని నమ్ముటకు ముందు విచారించుటయు విధియే.