మంచు మోసుకొచ్చిన ఊరు

మ్యూనిక్‌లో ఆన్‌సైట్‌లో ఉన్న నా ఫ్రెండొకడు మొన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, క్రిస్మస్ సెలవులకి స్కీయింగ్‌కి పోదామనుకుంటున్నాం. ఆస్ట్రియాలో కొండ మీద ఓ పల్లెటూళ్ళో హోటల్ దొరికింది. గుమ్మం దాటితే మంచే. కాకపోతే డబ్బంతా ముందే కట్టాలి, కేన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదు. కట్టేయనా?"

వెళ్ళేదెవరెవర్రా అంటే.. వాడు, వాళ్ళావిడ, ఏడేళ్ళ పాప, విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళమ్మగారు. నలుగురిలో ఒక్కరికీ స్కీయింగ్ రాదు.

"కట్టకు. ఇన్స్‌బ్రుక్‌లో దిగు" అన్నా.

"అది సిటీ కదరా, సిటీలో మంచేముంటుంది?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఓ వందేళ్ళు వెనక్కెళ్ళాలి. ఫోన్లో చెబితే వాడు మధ్యలోనే పెట్టేస్తాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందుగా తెలుసుకోవాల్సింది, ఇన్స్‌బ్రుక్ స్కీయింగ్ కోసం పుట్టిన ఊరు కాదు. ఇన్ నది మీద వంతెన దగ్గర పుట్టిన ఊరు, పేరుకి అర్థం కూడా అదే. జర్మనీ నుంచి ఇటలీకి బ్రెన్నర్ కనుమ మీదుగా పోయే దారిలో ఉంది. 1867లో ఆ కనుమ మీదుగా రైలు పడింది. తర్వాత 1906లో హుంగర్‌బుర్గ్ మెట్ట మీదకి పట్టాల మీద నడిచే బండి, 1928లో అక్కణ్ణుంచి నార్డ్‌కెట్టె కొండల మీదకి కేబుల్ కారు వచ్చాయి. ఊరు 574 మీటర్ల ఎత్తులో ఉంటే పై స్టేషన్ 2,250 మీటర్లు దాటి ఉంటుంది. పొద్దున్న ఊళ్ళో కాఫీ తాగి గంట తిరక్కుండా శిఖరం దగ్గర నిలబడొచ్చన్నమాట. అదే 1928లో ఊరికి ఎదురుగా దక్షిణాన ఉన్న పాచర్‌కోఫెల్ కొండకీ కేబుల్ కారు పడింది.

ఇక్కడిదాకా అంతా బానే ఉంది. 1933 ఫిబ్రవరిలో ప్రపంచ ఆల్పైన్ స్కీ పోటీలు ఇన్స్‌బ్రుక్‌లోనే జరిగాయి. ఇక ఈ వ్యాపారానికి తిరుగులేదు అనుకునే టైముకి, నాలుగు నెలలు తిరక్కుండానే దెబ్బ పడింది. మంచు వల్ల కాదు, హిట్లర్ వల్ల. ఆస్ట్రియా ప్రభుత్వాన్ని లొంగదీసుకోవడానికి జర్మనీ ఒక చట్టం చేసింది: ఆస్ట్రియా వెళ్ళాలనుకునే ప్రతి జర్మన్ ముందుగా వెయ్యి మార్కులు కట్టాలి. అప్పట్లో మామూలు ఉద్యోగి కట్టగలిగే మొత్తం కాదది. టిరోల్‌కి వచ్చే విదేశీ టూరిస్టుల్లో ఎక్కువమంది జర్మన్లే. ఒక్క సంతకంతో హోటళ్ళు ఖాళీ అయిపోయాయి. 1936లో గానీ ఆ చట్టం ఎత్తెయ్యలేదు. సైన్యాన్ని పంపకుండా, తమ జనం వెకేషన్ ఆపి పక్క దేశం పీక నొక్కడం అన్నమాట. ఒకే క్లయింటు మీద బతికే కంపెనీల్లో పనిచేసిన మనకి ఈ భయం వేరే చెప్పక్కర్లేదు!

ఇన్స్‌బ్రుక్ నుంచి రైల్లో గంటంపావు దూరంలో సెంట్ ఆంటన్ అనే ఊరుంది. ఈరోజు మనం చూసే స్కీ స్కూలు, అంటే మొదలుపెట్టేవాళ్ళని ఓ గుంపుగా, కాస్త వచ్చినవాళ్ళని ఇంకో గుంపుగా విడగొట్టి నేర్పే పద్ధతి, రూపుదిద్దుకున్నది ముఖ్యంగా అక్కడే. దాని వెనకున్న మనిషి హానెస్ ష్నైడర్. నాజీలంటే పడని మనిషి. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాని కలిపేసుకోగానే ఆయన్ని జైల్లో పెట్టారు. బయటపడి 1939లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ చేరి, అక్కడ స్కీయింగ్ నేర్పుతూ స్థిరపడిపోయాడు. బోస్టన్ చుట్టుపక్కల ఉండి శీతాకాలంలో నార్త్ కాన్వే వెళ్ళే మనవాళ్ళకి ఈ సంగతి తెలుసో లేదో. అక్కడి స్కీయింగ్ వెనక ఓ పారిపోయి వచ్చిన టీచరున్నాడు.

సరే, అసలు కథకొద్దాం. 1964లో ఇన్స్‌బ్రుక్‌లో శీతాకాలపు ఒలింపిక్స్. స్టేడియాలు రెడీ, క్రీడాకారులు రెడీ. మంచు మాత్రం రాలేదు! ఆల్ప్స్ పర్వతాల నడిబొడ్డున, నడి శీతాకాలంలో. చివరికి ఆస్ట్రియా సైన్యం దిగింది. కొండలపైన కోసిన 20,000 మంచుగడ్డ ఇటుకల్ని బాబ్‌స్లెడ్, లూజ్ ట్రాకులకి తెచ్చారు. 40,000 ఘనపు మీటర్ల మంచుని స్కీ వాలులకి మోసుకొచ్చి పరిచారు. టీవీలో చూసినవాళ్ళకి తెల్లటి కొండే కనపడింది. దాని వెనక సైనికుల వీపులున్నాయి.

ఆ ఒలింపిక్స్‌కి ఇంకో ఖరీదూ ఉంది. పోటీలు మొదలవ్వకముందే ప్రాక్టీసులో ఇద్దరు చనిపోయారు. ఒకరు బ్రిటన్ తరఫున లూజ్‌కి వచ్చినాయన, ఇంకొకరు ఆస్ట్రేలియా కుర్రాడు రాస్ మిల్న్. వయసు 19. పాచర్‌కోఫెల్ వాలు మీద చెట్టుకి గుద్దుకున్నాడు. అనుభవం చాలకే అన్నట్టుగా కొందరు మాట్లాడారు, వాలు మీద మరీ ఎక్కువమందిని వదిలారని వాళ్ళ జట్టు మేనేజరు అన్నాడు. (రాస్ తమ్ముడు మాల్కం మిల్న్ 1969లో ప్రపంచకప్ డౌన్‌హిల్ గెలిచాడు. అనుభవం లేని దేశం అన్నవాళ్ళకి అంతకన్నా జవాబేముంటుంది!)

మనకి సంబంధించిన ముక్క కూడా ఒకటుంది. భారత్ మొట్టమొదట శీతాకాలపు ఒలింపిక్స్‌లో పాల్గొన్నది ఇక్కడే, ఇదే వాలు మీద. పోలిష్ కుటుంబంలో పుట్టిన జెరెమీ బుయకోవ్‌స్కీ మన దేశం తరఫున డౌన్‌హిల్‌లో దిగాడు. రేసు పూర్తిచెయ్యలేకపోయాడు. అయినా 1968లో మళ్ళీ వచ్చాడు.

1976 ఒలింపిక్స్ ఇన్స్‌బ్రుక్‌కి అడక్కుండానే వచ్చినంత పనైంది. ముందు డెన్వర్‌కి ఇచ్చారు. 1972లో కొలరాడో ఓటర్లు "మా డబ్బులు దీనికి ఖర్చుపెట్టొద్దు" అని ఓటేసేసరికి ఆ ఊరు తప్పుకుంది. ఇన్స్‌బ్రుక్‌లో అన్నీ రెడీగా ఉన్నాయిగా, మేం చేస్తాం అంది. ఫ్రాంజ్ క్లామర్ పాచర్‌కోఫెల్ మీద దాదాపు పడిపోతూ లేస్తూ 0.33 సెకన్ల తేడాతో గెలిచింది అప్పుడే. మరి 2017లో ఏమైంది? 2026 ఒలింపిక్స్‌కి అడుగుదామా అని టిరోల్ జనాన్ని అడిగితే 53 శాతం వద్దన్నారు. ఇన్స్‌బ్రుక్ నగరంలో వద్దన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఒకప్పుడు డెన్వర్ వద్దన్నదాన్ని అందుకున్న ఊరే, నలభై ఏళ్ళ తర్వాత డెన్వర్ మాటే అంది.

దీన్ని నేను అహంకారం అనుకోను. ఆటల కోసం కట్టిన ఒలింపిక్ విలేజ్ ఇళ్ళల్లో ఈరోజుకీ మామూలు జనం కాపురముంటున్నారు. స్కీయింగ్ వాళ్ళ జీవితంలో ఓ భాగం, అదే జీవితం కాదు. టూరిస్టులు రాని ఏడాదుల్నీ, మంచు రాని శీతాకాలాన్నీ చూసిన ఊరు కాబట్టే "ఇక చాలు" అనగలిగింది. మంచు తప్ప వేరే దిక్కులేని ఊరైతే అంత తేలిగ్గా అనగలదా?

ఒరేయ్ బాబూ, ఇప్పుడు నీ ప్లాను. క్రిస్మస్‌కి తక్కువ ఎత్తులో మంచు ఉంటుందని ఎవడూ గ్యారంటీ ఇవ్వలేడు. 1964లోనే ఇవ్వలేకపోయారు, ఇప్పుడు వాతావరణం ఇంకా వేడెక్కింది. ఊళ్ళో దిగితే ఏ రోజుకారోజు కొండని ఎంచుకోవచ్చు. కింద మంచుంటే పాపకీ నీకూ ముట్టరరాల్మ్, కొత్తవాళ్ళకి బాగుంటుంది. లేకపోతే 3,000 మీటర్లు దాటే స్టూబై హిమానీనదం, 1973 నుంచీ అక్కడ స్కీయింగ్ ఉంది. (అది కూడా ఏటేటా కరిగిపోతోంది, అది వేరే బాధ.) నార్డ్‌కెట్టె వాలులు నిట్టనిలువు, అక్కడ స్కీలు కట్టకు, ఫొటోలు దిగి వచ్చెయ్. బ్లూ అని రాసిన వాలు దాటకు, టీచర్ని పెట్టుకో. డబ్బు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

అమ్మగారిని హోటల్ గదిలో కిటికీ దగ్గర కూర్చోబెట్టి నువ్వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. ఇక్కడైతే 1500లో పూర్తయిన బంగారు కప్పు చూస్తారు, 2,657 రాగి పెంకులు, పైన బంగారు పూత. వాటెన్స్‌లో స్వరోవ్‌స్కీ వాళ్ళ క్రిస్టల్ ప్రదర్శన ఉంది, అది చూశాక ఆవిడే నిన్ను మళ్ళీ తీసుకెళ్ళమంటారు.

మంచు కురిస్తే మీ అదృష్టం. కురవకపోయినా ఊరు ఊరే, సెలవు సెలవే. ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పు, ఆ డబ్బు కట్టేశావా ఏంటి కొంపదీసి?