డాస్ ఆటల్లో ధ్వని, సంగీత ఎంపికలు

ఐబీఎం పీసీ తరహా కంప్యూటర్లలో డాస్ మీద నడిచిన ఆటల్లో, ముఖ్యంగా 1988 నుంచి 1996 దాకా వచ్చినవాటిలో, సంగీతం ఏ పరికరం పలకాలో, తుపాకి మోతలూ మాటలూ ఏ పరికరం పలకాలో ఆడేవారే ముందుగా చెప్పాలి. ఆటతోపాటు వచ్చే సెటప్ లేదా ఇన్‌స్టాల్ అనే చిన్న ప్రోగ్రాము ఇందుకోసమే. కంప్యూటరులోని కార్డులన్నిటికీ కలిపి ఒకే డ్రైవరు అనే ఏర్పాటు డాస్‌లో లేదు. ప్రతి ఆటా తన డ్రైవర్లు తానే వెంట తెచ్చుకుని, నేరుగా చిప్పులతో మాట్లాడేది. అందుకే ఒకే ఆట ఒక ఇంట్లో కీచుమంటూ, మరో ఇంట్లో వాద్యబృందంలా వినిపించింది. రెండూ అసలైన రూపాలే కావడం వల్ల, ఏది ఎంచుకోవాలన్న చర్చ నేటికీ తెగలేదు.

సంగీతం, శబ్దం: రెండు వేర్వేరు ప్రశ్నలు

సెటప్‌లో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. నాటి ఆటల్లో సంగీతం చాలావరకు రికార్డు చేసినది కాదు. ఏ స్వరం, ఏ వాయిద్యం, ఎంతసేపు అని చెప్పే ఆదేశాల జాబితా మాత్రమే. దాన్ని పలికించే పని కార్డులోని చిప్పుదో, బయటి పెట్టెదో. తలుపు చప్పుడు, అరుపు, మాట వంటివి మాత్రం ముందే రికార్డు చేసి అంకెలుగా మార్చినవి. వాటికి కావలసినది వేరే సర్క్యూటు. యాడ్‌లిబ్ కార్డులో మొదటి పని చేసే చిప్పు ఉంది, రెండోది లేదు. రోలాండ్ ఎంటీ-32 అనే బయటి పెట్టె సంగీతానికి మేటి, కానీ ఆటలోని మాటలను అది పలకలేదు. సౌండ్ బ్లాస్టర్ ఒక్క కార్డులోనే రెండు పనులూ చేసింది. అది అంతగా అమ్ముడుపోవడానికి ముఖ్య కారణం ఇదే అనుకోవచ్చు. కనుక సంగీతానికి రోలాండ్, శబ్దాలకు సౌండ్ బ్లాస్టర్ అని విడివిడిగా ఎంచుకోవడం తప్పేమీ కాదు. చాలా ఆటలకు అదే మేలైన జోడీ.

పరికరాలు

1981 నాటి పీసీలో ఉన్నది చిన్న స్పీకరు ఒక్కటే. ఇంటెల్ 8253 టైమరు నడిపితే ఒకసారికి ఒక్క స్వరం వచ్చేది. గట్టితనం తగ్గించే వీలు లేదు. స్పీకరును అతివేగంగా ఆన్, ఆఫ్ చేసి మనిషి గొంతును కూడా రప్పించిన ప్రోగ్రామర్లున్నారు. 1989లో వచ్చిన మీన్ స్ట్రీట్స్ ఇందుకు పేరుపొందింది. తెలుగు ఊళ్ళలోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో 1990ల మొదటి సగంలో సౌండ్ కార్డు అరుదు. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడిన మన తరానికి డాస్ ఆటల ధ్వని అంటే ఆ బీప్ శబ్దమే గుర్తుండటం సహజం.

టాండీ 1000 యంత్రాల్లో మూడు స్వరాలు, ఒక రొద పలికే చిప్పు ఉండేది. సెటప్‌లో కనిపించే టాండీ అనే మాట దాన్ని గురించే. ప్రింటరు పోర్టుకు తగిలించే కోవాక్స్ స్పీచ్ థింగ్ 1986లో వచ్చిందని కొందరు, 1987లో అని ఎక్కువమంది రాశారు. రెండోదే సరిగా తోస్తుంది.

అసలు మలుపు యాడ్‌లిబ్‌తో వచ్చింది. కెనడాలోని క్విబెక్ నగరంలో సంగీత ఆచార్యుడు మార్టిన్ ప్రెవెల్ స్థాపించిన సంస్థ 1987లో ఈ కార్డును తెచ్చింది. అందులోని యమహా వైఎం3812 చిప్పు తొమ్మిది స్వరాలు, లేదా ఆరు స్వరాలతోపాటు ఐదు తాళవాద్యాలు పలికేది. కార్డును జనం దగ్గరికి చేర్చింది మాత్రం సియెరా సంస్థ ఆటలే. 1988 నాటి కింగ్స్ క్వెస్ట్ 4 యాడ్‌లిబ్‌కూ ఎంటీ-32కూ తగిన సంగీతంతో వచ్చింది. పీసీ ఆటకు అసలైన సంగీతం ఉండవచ్చని కొనుగోలుదారులకు నమ్మకం కలిగించిన ఆటగా దాన్ని చెప్పుకుంటారు.

సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ ముందుగా తెచ్చిన గేమ్ బ్లాస్టర్ పెద్దగా నిలవలేదు. 1989లో అదే సంస్థ యాడ్‌లిబ్ చిప్పునే తీసుకుని, దానికి అంకెల ధ్వని సర్క్యూటునూ జాయ్‌స్టిక్ పోర్టునూ చేర్చి సౌండ్ బ్లాస్టర్ పేరుతో అమ్మింది. 1991లో ప్రో, 1992లో 16 వచ్చాయి. యాడ్‌లిబ్ సంస్థ 1992లోనే దివాలా తీసింది. దాని పేరు మాత్రం సెటప్ తెరల మీద చాలా ఏళ్ళు మిగిలింది. 1992లోనే వచ్చిన గ్రావిస్ అల్ట్రాసౌండ్ నిజమైన వాయిద్యాల నమూనాలను తన మెమరీలోకి ఎక్కించుకుని, 32 స్వరాలను ఒకేసారి పలికేది. అయితే 14 స్వరాల దాకానే 44.1 కిలోహెర్ట్జ్ నాణ్యత. 32కు చేరితే అది 19.2కు పడిపోతుంది.

ఎంటీ-32, జనరల్ మిడి: తికమక ఎక్కడ

ఈ రెండూ ఒకటే అనుకుని ఎంచుకున్నవారికి బాస్ వాయిద్యాల బదులు గంటలు, వయొలిన్ రావలసిన చోట మరేదో వినిపిస్తుంది. కార్డు పాడైందని అనుకుంటారు. పాడైంది ఏమీ లేదు, భాషే వేరు.

రోలాండ్ ఎంటీ-32 వచ్చింది 1987లో. ఏ సంఖ్య ఏ వాయిద్యానిది అనే జనరల్ మిడి ఒప్పందం కుదిరింది 1991లో. అంటే ఎంటీ-32 వాయిద్యాల వరుస రోలాండ్ సొంతది. పైగా మంచి ఆటలు ఆ వరుసతో సరిపెట్టుకోలేదు. ఆట మొదలయ్యేటప్పుడు తమ సొంత వాయిద్యాల వివరాలను ఎంటీ-32 మెమరీలోకి పంపేవి. ఆ కొన్ని సెకన్లు పెట్టె ముందున్న చిన్న తెర మీద, 20 అక్షరాలు పట్టే చోట, ఆట తన పేరో పలకరింపో రాసేది. ఆ సంగీతాన్ని జనరల్ మిడి పెట్టెకు పంపితే సొంత వాయిద్యాల ఆదేశాలు దానికి అర్థం కావు. స్వరాలు సరిగానే ఉన్నా గొంతులు మారిపోతాయి.

పాత ఎంటీ-32లకు ఒక బలహీనత ఉంది. వేగంగా వచ్చిపడే ఆదేశాలను అవి తట్టుకోలేవు. తెర మీద బఫర్ నిండిపోయిందన్న సందేశంతో ఆగిపోతాయి. నిదానమైన కంప్యూటర్ల కాలంలో ఎక్కువగా బయటపడని ఈ ఇబ్బంది, వేగం పెరిగాక బాగా కనిపించింది. నేటి యంత్రాల మీద డాస్ ఆటలు నడిపే డాస్‌బాక్స్ ప్రోగ్రాములో ఆదేశాల మధ్య విరామం పెట్టే అమరిక అందుకోసమే. సీఎం-32ఎల్ అనే తర్వాతి నమూనాలో 33 అదనపు ధ్వనులున్నాయి. వాటిని వాడుకున్న ఆటలో పాత పెట్టె ఆ చోట్ల మౌనంగా ఉండిపోతుంది.

ఎంటీ-32 సంగీతం ఆటతో రాకుండా విడిగా తెప్పించుకోవలసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1990 నాటి లూమ్ అందుకు మంచి ఉదాహరణ. చైకోవ్‌స్కీ హంసల సరస్సు బ్యాలే నుంచి తీసుకున్న సంగీతం దానిది. రోలాండ్ రూపం వేరే డిస్కుగా వచ్చింది.

సెటప్ తెర మీది అంకెలు

1993 నాటి డూమ్ సెటప్‌ను దగ్గరగా చూస్తే పద్ధతి అంతా తెలుస్తుంది. మొదట సంగీతం కార్డు అడుగుతుంది: జనరల్ మిడి, సౌండ్ కాన్వాస్, వేవ్ బ్లాస్టర్, అల్ట్రాసౌండ్, యాడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్ వగైరా. తర్వాత శబ్దాల కార్డు. ఆపైన పోర్టు, ఐఆర్‌క్యూ, డీఎంఏ. చివరికి ఒకేసారి ఎన్ని శబ్దాలు కలిపి వినిపించాలో అడుగుతుంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా చెప్పవచ్చు. 386 ప్రాసెసర్ మీద ఎనిమిది పెడితే ఆట వేగం తగ్గుతుంది. 486 మీద భయం లేదు.

పోర్టు అంటే కార్డు చిరునామా. సౌండ్ బ్లాస్టర్‌కు సాధారణంగా 220, యాడ్‌లిబ్‌కు 388, మిడి పెట్టెకు 330. ఇవన్నీ పదహారు ఆధారంగా రాసే అంకెలు. ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే గంట అనుకోవచ్చు. డీఎంఏ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ధ్వని అంకెలను కార్డుకు చేర్చే దారి. ఈ మూడింటిలో ఎక్కువగా తప్పేది ఐఆర్‌క్యూ. మొదటి సౌండ్ బ్లాస్టర్లు 7తో వచ్చాయి. ప్రింటరు పోర్టుకు కేటాయించినదీ అదే. సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చేసరికి 5కు మారింది. ఐఆర్‌క్యూ తప్పుగా ఉంటే ఒక స్పష్టమైన గుర్తు కనిపిస్తుంది: సంగీతం చక్కగా వస్తుంది, మొదటి శబ్దం దగ్గర అదే ముక్క మళ్ళీమళ్ళీ వినిపిస్తుంది, లేదా ఆట బిగుసుకుపోతుంది. సంగీతం చిప్పుకు ఐఆర్‌క్యూ అక్కర్లేదు, శబ్దాలకు కావాలి. అందుకే అలా జరుగుతుంది.

ఈ వివరాలన్నీ డాస్ మొదలయ్యేటప్పుడు చదివే ఆటోఎగ్జెక్ ఫైలులో ఒకే పంక్తిగా రాసుకునేవారు: సెట్ బ్లాస్టర్=ఎ220 ఐ5 డి1 హెచ్5 పి330 టి6. ఇందులో ఎ చిరునామా, ఐ ఐఆర్‌క్యూ, డి ఎనిమిది బిట్ల డీఎంఏ, హెచ్ పదహారు బిట్ల డీఎంఏ, పి మిడి పోర్టు, టి కార్డు రకం. టి6 అంటే సౌండ్ బ్లాస్టర్ 16. చాలా ఆటలు ఈ పంక్తి చదివి తమంతట తామే సర్దుకుంటాయి. చదవనివాటికి చేత్తో చెప్పాలి.

సౌండ్ బ్లాస్టర్ 16లో కొన్ని కార్డులకు వేరొక లోపం ఉంది. శబ్దాలు నడుస్తుండగా మిడి స్వరాలు ఆగకుండా అలాగే పలుకుతుంటాయి. 4.11 నుంచి 4.13 దాకా వెర్షన్ల డీఎస్పీ (అంకెల ధ్వనిని నడిపే చిప్పు) ఉన్న కార్డుల్లో ఇది బాగా నమోదైంది. సెటప్‌లో ఏం మార్చినా పోదు. సంగీతాన్ని వేరే మిడి కార్డుకు మళ్ళించడమే దారి.

ఏది ఎంచుకోవాలి

దీని మీద రెండు వాదాలున్నాయి. స్వరకర్త తన గదిలో ఏ పరికరం మీద కూర్చాడో దానిమీదే వినాలన్నది ఒకటి. ఆ రోజుల్లో ఎక్కువమంది ఇళ్ళలో మోగింది యాడ్‌లిబ్ చిప్పే కనుక అదే అసలు రూపం అన్నది రెండోది. రెండోది జ్ఞాపకాలకు దగ్గరైనదే. అయినా ఆటకు న్యాయం చేసేది మొదటిదే అని ఈ సంకలనకర్త అభిప్రాయం. ఖరీదైన పరికరమే ఎప్పుడూ మంచిదన్న నమ్మకాన్ని కూడా అదే సరిచేస్తుంది.

ఆట వచ్చిన ఏడాదే మొదటి ఆధారం. 1988 నుంచి 1991 దాకా వచ్చిన సియెరా, లూకాస్ ఆర్ట్స్ సాహస ఆటలకూ వింగ్ కమాండర్ వంటివాటికీ ఎంటీ-32. 1993 తర్వాత వచ్చినవాటికి జనరల్ మిడి, వీలైతే రోలాండ్ ఎస్‌సీ-55 అనే పెట్టె గొంతులతో. నడుమ వచ్చినవాటికి రెండూ విని నిర్ణయించుకోవాలి.

ఈ సూత్రానికి లొంగనివే గమనించదగ్గవి. వుల్ఫెన్‌స్టైన్ 3డీ సంగీతం యాడ్‌లిబ్ చిప్పు కోసమే ఉంది. మిడి ఎంపిక దానికి లేనే లేదు. 1995లో వచ్చినా టైరియన్ సంగీతం ఆ చిప్పు స్వభావాన్ని పూర్తిగా ఎరిగి చేసినది. దాన్ని మిడి గొంతుల్లోకి మారిస్తే పదును పోతుంది. స్టార్ కంట్రోల్ 2 సంగీతం వాయిద్య నమూనాలతో కూడిన మాడ్ ఫైళ్ళు కనుక, అంకెల ధ్వని కార్డు ఏదైనా చాలు. 1992 నాటి డ్యూన్ యాడ్‌లిబ్ గోల్డ్ అనే అరుదైన కార్డు మీద అన్నిటికంటే నిండుగా ఉంటుందని విన్నవారిలో ఎక్కువమంది మాట.

డూమ్ మొదటి స్థాయి పాటను మూడు విధాలా వింటే తేడా చెవికి తెలుస్తుంది. ఎస్‌సీ-55 మీద గిటారు గిటారులా గరగరలాడుతుంది. యాడ్‌లిబ్ మీద అదే తీగ తుమ్మెద రొదలా ఉంటుంది, కానీ లయ బిగువు తగ్గదు. అల్ట్రాసౌండ్ మీద ఫలితం కార్డులోని మెమరీని బట్టి మారుతుంది. 256 కిలోబైట్లే ఉంటే కొన్ని వాయిద్యాల స్థానంలో వాటికి దగ్గరివాటిని ఆటే పెట్టేస్తుంది. 1024 ఉంటే ఎక్కువ వాయిద్యాలు తమ సొంత గొంతుతోనే పలుకుతాయి.

నేటి యంత్రాల మీద

ఇప్పుడు ఈ ఆటలు ఎక్కువగా 2002లో మొదలైన డాస్‌బాక్స్‌లో, సాహస ఆటలైతే 2001లో మొదలైన స్కమ్‌వీఎంలో నడుస్తున్నాయి. డాస్‌బాక్స్ చూపేది సౌండ్ బ్లాస్టర్ 16నే అయినా ఐఆర్‌క్యూ మాత్రం 7. నిజమైన కార్డు అలవాటుతో 5 పెడితే శబ్దాలు రావు. పెట్టవలసినవి 220, 7, 1, పదహారు బిట్లకు 5. అల్ట్రాసౌండ్ మొదట ఆపివేసి ఉంటుంది, కావలసినవారు అమరికల ఫైలులో తెరవాలి.

సియెరా ఆటలు కొన్ని ధ్వని పరికరాన్ని సిద్ధం చేయలేకపోయామని చెప్పి ఆగిపోతాయి. కార్డు లేక కాదు, కంప్యూటరు మరీ వేగంగా ఉండి. కార్డు జవాబు కోసం ఎంతసేపు ఆగాలో నాటి ప్రాసెసర్ల వేగాన్ని బట్టి లెక్కకట్టడమే కారణం. డాస్‌బాక్స్‌లో వేగాన్ని నిర్ణయించే సైకిళ్ళ సంఖ్య తగ్గించి మొదలుపెట్టి, ఆట తెరుచుకున్నాక పెంచుకోవచ్చు.

ఎంటీ-32ను మంట్ అనే ప్రోగ్రాము అనుకరిస్తుంది. దానికి అసలు పెట్టెలోని రెండు రోమ్ ఫైళ్ళు కావాలి. వాటి హక్కులు రోలాండ్‌వి. స్కమ్‌వీఎంలో నిజమైన ఎంటీ-32 అన్న గడిలో టిక్కు పెట్టకపోతే, ఆ సంగీతాన్ని అది జనరల్ మిడి గొంతుల్లోకి మార్చి పంపుతుంది. పైన చెప్పిన తికమక మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఎంపిక నచ్చకపోతే ఆటను చెరిపి మళ్ళీ ఎక్కించనక్కర్లేదు. సెటప్ ఒక్కటీ మళ్ళీ నడిపితే చాలు. లూకాస్ ఆర్ట్స్ పాత ఆటల్లో అయితే అదీ అక్కర్లేదు: ఆట పేరు టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, రోలాండ్‌కు ఇంగ్లీషు ఆర్, యాడ్‌లిబ్‌కు ఇంగ్లీషు ఎ అక్షరం చేర్చి ఎంటర్ నొక్కితే సరిపోతుంది.